ఊపిరి బుడగల సీసా

మా చిన్నప్పుడు... హుస్సేనీ ఆలంలో మా ఇంటి ముందు గదిలో, చాప మీద మా మేనమామ ఒక సీసా పెట్టాడు. లారీ మీద బందరు వెళ్లినప్పుడు సముద్రం ఒడ్డున ఇసుకలో దొరికిందట. పచ్చటి మందపాటి గాజు... మెడ కొంచెం వంకర. మూతికి బిరడా, దాని మీద నల్లగా గట్టిపడిన లక్క.

"కొబ్బరినూనె పోసుకుంట" అంటూ అక్క దాన్ని ఒళ్లోకి లాక్కుంది. నాకన్నా నాలుగేళ్లు పెద్దది. గోటితో లక్క గీకి, బిరడా లాగింది. కదల్లేదు.

మా నాయనమ్మ సీసాను కందిలి వెలుగుకు ఎత్తి పట్టి చూసి, చటుక్కున చేయి వెనక్కి తీసుకుంది. గాజులో సన్నని బుడగలు...

"లోపల ఊపిరి తీస్తున్నది రా! ఎవరో దయ్యాన్ని సీసల బంధించి సముద్రంల ఇడిసిండ్రు. నువ్వు తెచ్చి నట్టింట్ల పెట్టినవు!"

మామ నవ్వాడు. "గింత సీసల దయ్యమెట్ల పడ్తది అత్తమ్మా? పస్తులుంచి దూర్చిండ్రా?"

మర్నాడు అక్కకు జ్వరం పట్టుకుంది. ఇక ఎవరూ నవ్వలేదు.

డాక్టరు టైఫాయిడ్ అని మందులిచ్చాడు. అక్క మాత్రం కళ్లు మూసుకుని ఏదేదో గొణుగుతూనే ఉంది... సీసా పగలగొడదామంటే లోపలిది బయటికొస్తుందని భయం. మూసీలో వేద్దామంటే, "ఇంకొకరి బిడ్డకు దొరికితే?" అంది అమ్మ.

చివరికి బాపు దాన్ని ఎర్రగుడ్డలో చుట్టి, బర్రెల కొట్టంలో దూలానికి కట్టాడు. "దాని జోలికి పోయినవంటే సంపుత" అన్నాడు నాతో. ముడి మీద ముడి వేస్తూనే ఉన్నాడు. బాపు భయపడటం నేను చూసింది అప్పుడే.

పొద్దున్నే దూడను విప్పడం నా పని. తలెత్తకుండా వెళ్లేవాణ్ణి. వెనక బుస్సుమని వినిపిస్తే అది బర్రెదో, సీసాదో తెలిసేది కాదు... ఇంట్లోకి పరుగెత్తి అక్క ముక్కు దగ్గర వేలు పెట్టేవాణ్ణి. వెచ్చగా తగిలేది. అప్పుడు మళ్లీ దూడ దగ్గరికి.

అక్క బతికింది. మంచం మీద కూర్చుని జావ తాగింది. అయినా సీసాను ఎవరూ దించలేదు.

చాలా ఏళ్లకు, కొట్టం కూల్చిన రోజు నేనే దించాను. పాత సీసాల గురించి దొరికిందల్లా చదివాను. అచ్చులో చేసిన సీసాలకుండే అతుకు గీత దీనికి లేదు. అడుగున గరుకు మచ్చ, తయారయ్యాక సీసాను ఇనుప కడ్డీ నుంచి విరిచిన చోటు. బుడగలేమో గాజు కరిగేటప్పుడు చిక్కుకున్న గాలి. మనిషి గొట్టం పెట్టి నోటితో ఊదిన సీసా అది... అత్తరుదో, మందుదో మాత్రం తేల్చుకోలేకపోయాను.

మొన్న అక్క చాంద్రాయణగుట్ట నుంచి వస్తే ఇదంతా చెప్పాను.

"అంటే ఎవరి ఊపిరితోనో అయిందా ఇది?"

"అవునక్కా."

"మరి నాయనమ్మ తప్పేం చెప్పింది రా?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నేను బిరడా మీద చెయ్యి వేయగానే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఉండనియ్యి తమ్మీ."

సీసా ఇప్పుడు అల్మారాలో ఉంది. ఇంట్లో పిల్లలు దేన్ని చూసినా ఫోన్‌లో వెతికి, భయపడేలోపే పేరు చెప్పేస్తున్నారు. ఇంటిల్లిపాదీ ఒకే భయం చుట్టూ, ఒకే మంచం చుట్టూ కూర్చున్న రోజులు పోయాయి...

మీ ఇంట్లోనూ ఎవరూ మూత తీయని వస్తువు ఏదైనా ఉందా? ఉంటే చెప్పండి. నన్ను మాత్రం తీయమనకండి.