పాత పడుగు

ఇంటర్నెట్‌లో వచ్చే జనాన్ని పలు సర్వర్లకు పంచే ఓ ఉచిత ప్రోగ్రామును ధర్మవరంలో మగ్గం పక్కన కూర్చుని అమృత ఒక్కతే చూసుకుంటుంది. ఆ పొద్దున అందులో దొంగలు దూరే సందొకటి బయటపడింది. "ఇంకా సరిచేయలేదా?" అంటూ ముక్కూమొహం తెలియనివాళ్ల మెసేజ్‌లు ఆగడం లేదు. సవరణ సిద్ధమే. విడుదల చేయడానికి బటన్‌మీద వేలు పెట్టింది.

పక్కన నాయన వెంకటేశులు పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతుకుతున్నాడు. అన్నీ కలిసేదాకా పాతది తీయడు.

అమృత ఆ అతుకుల వంక చూసింది. తన సవరణ మొదలైన క్షణమే పాతది ఆగిపోయి, పని మధ్యలో ఉన్నవాళ్ల కనెక్షన్లన్నీ తెగిపోతాయి. వేలు తీసేసి, వాళ్ల పని ముగిసేదాకా పాతదీ నడిచేలా మళ్లీ రాయసాగింది. ఫోన్ మోగుతూనే ఉంది.

"ఎవురమ్మా అంత తొందర పెడతాండేది?"

"మనది ఊరికే వాడుకునేవాళ్లు, నాయనా."