మళ్లీగారి రెండో దెబ్బ

మా కార్ఖానాలో ఎవరికి దెబ్బ తగిలినా ఆ దెబ్బ రెండోసారి కూడా తగలాలి. అది మళ్లీగారి నియమం. మొదటిసారి ఎవరికి రాసిపెట్టి ఉంటే వాళ్లకి. రెండోసారి మాత్రం ఆయనకే.

మాది రేకు డబ్బాలు తయారుచేసే కార్ఖానా. ఆయన అక్కడ స్టోర్‌కీపరు. గ్లౌజులు, బూట్లు, కళ్లద్దాలు, చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇచ్చేది ఆయనే. దెబ్బ తగిలితే కట్టు కట్టేదీ ఆయనే.

కట్టు కట్టేదాకా ఆయన ఏమీ అడగరు. నీళ్లతో కడగడం, శుభ్రమైన గుడ్డతో అదమడం, చెయ్యి పైకెత్తి పట్టుకోమనడం, అన్నీ చకచకా అయిపోతాయి. చెయ్యి మెత్తన. ముడి పడ్డాక కళ్లజోడు సర్దుకుని మొదలుపెడతారు.

"మళ్లీ చేసి చూపించు."

"ఏం చూపించమంటారు సార్? వేలు తెగింది."

"ఎలా?"

"రేకు తగిలింది."

"అది లేచి వచ్చి తగల్లేదు కదా. ఏ చేత్తో పట్టుకున్నావు? ఎటు తిరిగి ఉన్నావు? అప్పుడు ఏం చూస్తున్నావు?"

మిషను ఆపించి, దెబ్బ తగిలినవాడి చోట తను నిలబడి, వాడు చేసినదంతా మొదటినుంచి చేసేవారు. అందుకే మళ్లీగారు. అసలు పేరు ఆయన కూడా సంతకానికే వాడేవారు.

నేను ఆఫీసు గుమాస్తాని. దెబ్బల ఫారం నింపడం నా పని. అందులో నాలుగు గడులు. ఎవరికి, ఎక్కడ, ఏమైంది, కారణం. మొదటి మూడూ రెండు నిమిషాల పని. నాలుగోది ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. మళ్లీగారు తేల్చేదాకా నేను కలం ఆనించకూడదు.

ఒకసారి గోడౌను గుమ్మం దగ్గర హమాలీ జారిపడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది. మర్నాడు అదే వేళకి మళ్లీగారు భుజాన ఖాళీ పెట్టె పెట్టుకుని అదే గుమ్మంలోంచి నడిచారు. పడలేదు. వెనక్కి వెళ్లి మళ్లీ నడిచారు. పడలేదు.

"మీరు పడదామని నడుస్తున్నారు సార్. అలా నడిస్తే ఎవరూ పడరు," అన్నాడు హమాలీ.

"నువ్వు ఏమనుకుంటూ నడిచావు?"

"తొందరగా ఇంటికి పోదామనుకుంటూ."

మళ్లీగారు ఇంటికి పోదామనుకుంటూ నడిచారు. దబ్బున పడ్డారు. అందరం పరిగెత్తాం. ఆయన లేవలేదు. వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నారు.

"ఎక్కడ తగిలింది సార్?"

"ఉండండి. పైన పైపు చెమర్చింది. చుక్క కడుతోంది. ఇప్పుడు పడుతుంది."

పడింది. సరిగ్గా ఆయన నుదుటి మీద. ఆ ముఖం వెలిగిపోయింది.

నాలుగో గడిలో రాయించారు: పైపు.

ఇంకోసారి రంగులు వేసే ఆయన్ని కందిరీగ కుట్టింది. ఉలిక్కిపడి చేతిలోని డబ్బా పాదం మీద పడేసుకున్నాడు. రంగులాయన పాత్ర మళ్లీగారిది. కందిరీగ పాత్ర నాకిచ్చారు.

"నేనెందుకు సార్?"

"నువ్వు ఖాళీగా ఉన్నావు."

"నాకు కుట్టడం రాదు."

"కుట్టక్కర్లేదు. ఎటునుంచి వచ్చిందో అటునుంచి రా చాలు."

ఆరుసార్లు వచ్చాను. ఆరోసారి జుమ్మని చప్పుడు కూడా చేశాను. ఎవరూ చెయ్యమనలేదు. ప్యాకింగు వాళ్లు పని మానేసి చూశారు. చివరికి తేలింది, నేను వచ్చిన దారిలో కిటికీ అద్దం ఒకటి పగిలి ఉందని. నాలుగో గడిలో అదే రాశాను. కందిరీగ ప్రస్తావన లేదు. పాపం, దాని తప్పేముందన్నారు.

స్టోరుకి కొత్త సామాను ఏది వచ్చినా ముందు ఆయన ఒంటి మీదికి ఎక్కాల్సిందే. కొత్త బూట్లు వేసుకుని ఒక పూటంతా మెట్లెక్కి దిగేవారు. చెవుల్లో బిరడాలు పెట్టుకుని మేనేజరుగారితో మాట్లాడేవారు. ఆ రోజుల్లో మేనేజరుగారు ఏం చెప్పినా సరేనండీ అనేవారు. గ్లౌజులు తొడుక్కుని సూదిలో దారం ఎక్కించేవారు. ఎక్కితే ఆ గ్లౌజులు మంచివి. ఎక్కకపోతే వాపసు.

ఇక అసలు సంగతి.

మూతల ప్రెస్సు మీద పనిచేసే ఆవిడని అందరం మూతలక్క అనేవాళ్లం. గుండ్రటి రేకు బిళ్లని ఎడమ చేత్తో కింది అచ్చులో పెట్టడం, కాలితో పెడలు తొక్కడం, పై అచ్చు దిగి లేచాక కుడిచేత్తో మూత తీయడం. రోజుకి నాలుగు వేల మూతలు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచం దిగలేని అత్తగారు. తెచ్చిపెట్టేది ఈవిడ ఒక్కతే.

ఒక మంగళవారం పొద్దున రేకు అంచు తగిలి ఆవిడ చూపుడువేలు తెగింది. లోతుగానే తెగింది. మళ్లీగారు కట్టు కట్టి ఆసుపత్రికి పంపారు. మూడు కుట్లు పడ్డాయి. పదకొండింటికల్లా తిరిగొచ్చింది. రాకపోయినా బాగుండేది. అప్పటికే మేనేజరుగారికి తెలిసిపోయింది, తెగినప్పుడు ఆవిడ చేతికి గ్లౌజు లేదని.

నోటీసు బోర్డు మీద ఉంది. గ్లౌజు లేకుండా దెబ్బ తగిలించుకున్నవాళ్లకి పనిలో చోటు లేదు. ఆయనే పెట్టించిన నియమం. ఆయన కఠినుడేమీ కాదు. నియమం పెట్టాక దాన్ని వాడకపోతే బోర్డుకి అవమానం అనుకునే రకం.

"సాయంత్రం ఐదింటికి ఫారం నా బల్ల మీద ఉండాలి. కారణం కార్మికురాలి నిర్లక్ష్యం. ఒక్క మాట," అన్నారు నాతో.

"మళ్లీగారు ఇంకా తేల్చలేదండీ."

"తేల్చడానికి ఏముంది? గ్లౌజు వేసుకోలేదు. అయిపోయింది. పాత ఫారాల్లో నిర్లక్ష్యం అని ఎలా రాశావో చూసి అలాగే రాయి."

నేను ప్రెస్సు దగ్గరికి వెళ్లేసరికి మళ్లీగారు మూతలక్క స్టూలు మీద కూర్చుని ఉన్నారు. మెకానిక్కు కరెంటు తీసేసి, మిషను పక్కనున్న చక్రం పట్టుకున్నాడు. ఆ చక్రాన్ని చేత్తో తిప్పితే పై అచ్చు నెమ్మదిగా దిగుతుంది. మూతలక్క కట్టు కట్టిన చెయ్యి ఎత్తి పట్టుకుని గోడకి ఆనుకుంది. మళ్లీగారు తనిచ్చిన గ్లౌజులే తొడుక్కుని బిళ్ల పెట్టారు, మూత తీశారు. బిళ్ల పెట్టారు, మూత తీశారు. పన్నెండైంది. ఒంటిగంటైంది.

"బాగానే ఉన్నాయే," అన్నారు చివరికి. "నాకు అతికినట్టున్నాయి. నువ్వెందుకు తీసేశావు?"

మూతలక్క వేలి కట్టు సర్దుకుంది.

"చెప్పమ్మా. ఉక్క పోసిందా?"

"లేదండీ."

"దురదా?"

"కాదండీ. నాదే పొరపాటు. అలాగే రాసెయ్యమనండి."

"నీదో కాదో నువ్వెలా చెబుతావు? నేనింకా చూడందే!"

అక్కడున్నవాళ్లు నవ్వారు. మళ్లీగారు నవ్వలేదు. ఆయన విద్య మొదటిసారి పారలేదు. ఆవిడ చేసినవన్నీ చేశారు. ఏమీ కనపడలేదు. కాసేపు ఆవిడ చేతి వంక చూశారు. తర్వాత తన చేతి వంక. గ్లౌజు ఒకటి తీసి ఇచ్చారు.

"బాగున్న చేతికి తొడుక్కో."

తొడుక్కుంది. వేళ్ల చివర అంగుళం మేర ఖాళీ. చెయ్యి కదిపితే ఆ కొసలు వాడిన చిక్కుడుకాయల్లా వేలాడాయి.

మళ్లీగారు స్టోరుకి పరుగు తీశారు. ఆ వయసులో ఆయన పరిగెత్తగా చూడటం నాకు అదే మొదటిసారి. వెల్డింగువాళ్లు వాడే పెద్ద తోలు గ్లౌజులు తొడుక్కుని వచ్చారు. మోచేతిదాకా ఉన్నాయి. ఆయన వేళ్లు వాటిలో సగం దాకా వచ్చి ఆగిపోయాయి.

"ఇప్పుడు నేను నువ్వు," అన్నారు మూతలక్కతో. మెకానిక్కు వైపు తిరిగి, "తిప్పు."

బిళ్ల పెట్టారు. చెయ్యి వెనక్కి తీశారు. చెయ్యి వచ్చింది. గ్లౌజు కొస రాలేదు. పై అచ్చు దాని మీదికి దిగి కూర్చుంది. మళ్లీగారు లాగారు. రాలేదు. గ్లౌజుతో పాటు చెయ్యీ అక్కడే చిక్కుకుపోయింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"కరెంటు ఉండి ఉంటే?" అని అడిగారు నెమ్మదిగా.

"లోపలికి లాగేస్తుందండీ," అంది మూతలక్క. "వేలు పోతుంది."

"తీసేస్తే?"

"తెగుతుంది. తెగింది మానుతుంది కదండీ."

"ఈ వరసలో అందరూ తీసేస్తున్నారా?"

మూతలక్క పక్క మిషన్ల వైపు చూసింది. వాళ్లు నేల వైపు చూశారు. సూపర్‌వైజరు వస్తుంటే మొదటి మిషను ఆవిడ మూతతో డబ్బా మీద రెండుసార్లు కొడుతుందట. అందరూ తొడుక్కుంటారు. వెళ్లిపోయాక తీసేస్తారు. ఏడాదిగా ఇదే తంతు.

"మరి నాతో ఒక్క మాట అనలేదేం?"

"ఎలా అంటామండీ? మీరు సూదిలో దారం ఎక్కించి మరీ తెచ్చిచ్చారు. ఎంత సంబరంగా ఇచ్చారని! మీ ముఖం చూశాక నోరు రాలేదు."

మళ్లీగారు చెయ్యి మిషనులో ఉంచే చాలాసేపు కూర్చున్నారు. మెకానిక్కు చక్రం వెనక్కి తిప్పుతానంటే వద్దన్నారు.

నేను ఆఫీసుకి వెళ్లి పాత ఫారాలు తీశాను. మేనేజరుగారు చెప్పారు కదా, నిర్లక్ష్యం అని ఎలా రాశానో చూసుకోమని. పదకొండేళ్ల ఫారాలు. నూట ముప్పై పైచిలుకు. నాలుగో గడి ఒక్కటే చూసుకుంటూ వెళ్లాను. పైపు. కిటికీ అద్దం. స్టూలు కోడు. దీపం నీడ. గడియారం ఐదు నిమిషాలు వెనక ఉండటం. అరిగిన మెట్టు. తలుపు బిగుతు. నా చేతికి స్టేప్లరు పిన్ను గుచ్చుకున్న రోజుది కూడా ఉంది. కుర్చీ ఎత్తు అట. ఆ రోజు నేను కునుకు తీస్తున్నాను. ఆయనకి తెలుసు.

నిర్లక్ష్యం అనే మాట ఎక్కడా లేదు. మనిషి అనేవాడే లేడు. అంతా నా చేతిరాతే. పదకొండేళ్లుగా నాకే తెలియలేదు.

ఐదింటికి మళ్లీగారు, మూతలక్క, నేను మేనేజరుగారి గదిలో ఉన్నాం.

"నాలుగో గడి ఖాళీగా ఉందేం?" అన్నారు మేనేజరుగారు.

మళ్లీగారు ముందుకు జరిగారు. ఒక జత గ్లౌజులు, ఒక మూత బల్ల మీద పెట్టారు.

"ఒకసారి తొడుక్కుని ఆ మూత తీయండి."

"నేనా?"

"ఒక్కసారి."

మేనేజరుగారి చెయ్యి చిన్నది. ఆ సంగతి ఆయనకీ అప్పుడే తెలిసినట్టుంది. మూత మూడుసార్లు జారింది. నాలుగోసారి వంగి కింద వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఇవి ఎవరు తెప్పించారు?" అన్నారు బల్ల కిందినుంచి.

"స్టోర్‌కీపరు."

"అంటే మీరేగా?"

"అవునండీ. తన చెయ్యి ఎంతుంటే ఊళ్లో అందరి చెయ్యీ అంతే ఉంటుందనుకునే మనిషి. ఆయన పేరు రాయించండి."

నేను రాశాను. ఆ గడిలో ఒక మనిషిని రాయడం అదే మొదలు. మూతలక్క వద్దండీ వద్దండీ అంటూనే ఉంది. మళ్లీగారు ఆవిడతో, "ఊరుకోమ్మా. నేను చూసి తేల్చాను," అన్నారు.

మేనేజరుగారు కుర్చీలో కూర్చుని ఆలోచించారు. బోర్డు మాట దక్కాలి. న్యాయమూ జరగాలి. చివరికి తీర్పు చెప్పారు. మూతలక్క వేలు మానేదాకా ఇంట్లో ఉండి, మానాక తన మిషను మీదికే రావాలి. గ్లౌజులు మూడు కొలతల్లో తెప్పించాలి. అవి వచ్చేదాకా మూతల ప్రెస్సు ఆగాలి. స్టోర్‌కీపరు మూడు రోజులు పనిలోకి రాకూడదు.

"సరేనండీ," అన్నారు మళ్లీగారు. చెవుల్లో బిరడాలు లేవు. నేను చూశాను.

మర్నాడు గడిచింది. ఆ పై రోజు పొద్దున పదింటికి ఒక ఆవిడ మేనేజరుగారి గదిలోకి వచ్చింది. చేతి మణికట్టుకి కట్టు ఉంది. ఆ ముడి చూడగానే ఎవరి భార్యో నాకు తెలిసిపోయింది.

"అయ్యా, మూడు రోజుల శిక్ష ఆయనకి వేశారా, నాకు వేశారా?"

"ఏమైందమ్మా?"

"నిన్న పొద్దున గిన్నె దించుతుంటే చెయ్యి చురుక్కుమంది. అంతే. కట్టు కట్టారు. బాగానే ఉంది. ఆ తర్వాత ఆరిన పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి, నడుముకి తువ్వాలు చుట్టుకుని, గంటసేపు నాలాగ గరిటె తిప్పారు. పక్కింటావిడ కిటికీలోంచి చూసింది. ఇక నేను ఆ వీధిలో ఎలా తిరగను?"

మేనేజరుగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"చివరికి తప్పు గిన్నె పిడిదని తేల్చారు. ఇరవై ఎనిమిదేళ్లయిందండీ కాపురానికొచ్చి. ఒక్కసారంటే ఒక్కసారి, తప్పు నీదే అనలేదు. పాలు పొంగితే మంటది. తాళంచెవి పోతే జేబుది. నాకు తెలుసండీ, నిన్న నిద్రమత్తులో గుడ్డ లేకుండా పట్టుకున్నాను. చెబితే ఒప్పుకోరు. మనసారా ఒక పోట్లాట పెట్టుకుందామన్నా కుదరదు. అలాంటి మనిషి తప్పు చేశాడని మీరు రాశారట. ఇంట్లో కూర్చుని అందరి చేతులూ కాగితం మీద గీస్తున్నారు. నావే పద్నాలుగు గీశారు."

"ఇంకో రెండు రోజులేగా అమ్మా."

"ఇంకా రెండా!"

ఆవిడ అక్కడున్న కుర్చీలో కూలబడింది. మేనేజరుగారు నా వంక చూశారు. నేను కాగితాల వంక చూశాను.

"సరేనమ్మా," అన్నారాయన. "రేపటినుంచి రమ్మనండి."

"రేపటిదాకా ఎందుకండీ," అని ఆవిడ లేచింది. "వెంటబెట్టుకునే వచ్చాను. క్యారేజీ చేతికిచ్చి గేటు దగ్గర నిలబెట్టాను."