తొట్టిలో చేయి పెట్టరాదు

కోయంబత్తూరులో సముద్రం లేదు. ఆ లోటు తీర్చమని నన్నెవరూ అడగలేదు, నేనే మీద వేసుకున్నాను. మా హాల్లో దేవుడి అలమార పక్కన నాలుగడుగుల గాజు తొట్టి పెట్టి, ఉప్పు కలిపిన నీళ్ళు పోసి, ఆరేళ్ళుగా పగడాలు పెంచుతున్నాను. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్ర రాయి కాదు, రాతిని అంటుకుని బతికే జీవి. సంతోషంగా ఉంటే వేళ్ళు చాచినట్టు విచ్చుకుంటుంది, కష్టం కలిగితే ముడుచుకుని మూతి బిగిస్తుంది. ఆ విషయంలో దానికీ నాకూ బాగా కుదిరింది.

నా వ్యాపారం మోటారు ప్యానెళ్ళు. పొల్లాచ్చి రైతు మంచం దిగకుండానే కొబ్బరితోటలో బోరు మోటారును ఫోనుతో ఆడించే పెట్టెలు చేసి అమ్ముతాను. ఊరందరి మోటార్లకూ బుద్ధి నేర్పినదాన్ని, సొంత తొట్టిని చేత్తో చూసుకోవడం నామోషీ అనిపించింది. అందుకని దానికీ ఒక పెట్టె చేశాను. నీళ్ళు తగ్గితే అదే పోస్తుంది, వేళకు మేత అదే చల్లుతుంది, పొద్దుగూకితే లైట్లు అదే తగ్గిస్తుంది. నీళ్ళలో ముంచిన చిటికెన వేలంత కడ్డీ ఒకటి వేడి ఎంతుందో చెబుతుంటే, దాన్నిబట్టి చిల్లర్‌ను, అంటే నీళ్ళను చల్లబరిచే యంత్రాన్ని, నడుపుతుంది. ఆ చిల్లర్‌కు పుట్టుకతో సొంత బుర్ర ఒకటుంది. చాలినంత చల్లబడగానే తనంతట తానే ఆగిపోతుంది. నేను ఆ బుర్ర తీసి పారేసి, నా పెట్టె చెప్పినట్టే వినేలా వైర్లు కలిపాను. ఒక ఇంట్లో రెండు బుర్రలెందుకని నా వాదన.

మా అత్తది బోడినాయకనూరు. వాళ్ళ నాన్నకు కొండమీద ఏలకుల తోట ఉండేదట. పచ్చి కాయను ఆరబెట్టే గదిలో వేడి ఎంతుందో చిన్నప్పుడే ఆమె అరచేత్తో చెప్పేదట. కోయంబత్తూరుకు కోడలిగా వచ్చి యాభై ఏళ్ళయినా ఆ చేయి ఏమీ మరిచిపోలేదు. రోజూ పొద్దున తొట్టిలో చేయి పెట్టేది. నారింజ రంగు మీద తెల్ల చారలున్న రెండు చేపలు వచ్చి ఆ అరచేతిలో ఆనుకునేవి. "ఈ పొద్దు నీళ్ళు కొంజం వేడిగా ఉండాది" అనేది. నేను మీటరు చూస్తే నిజంగానే అర డిగ్రీ ఎక్కువుండేది. ఒకసారి తప్పితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

పెట్టె అమర్చిన రోజే తొట్టి మీద స్టిక్కరు అంటించాను, "తొట్టిలో చేయి పెట్టరాదు" అని. అత్తకు చదవడం వచ్చింది తమిళమే కనుక తమిళంలోనే రాశాను, అర్థం కాలేదన్న సాకు మిగలకుండా. చేతికి నూనె ఉంటుంది, సబ్బు ఉంటుంది, పగడాలకు మంచిది కాదని వివరించాను. అవన్నీ నిజాలే. అసలు సంగతి, నా యంత్రం చెప్పకముందే ఆమె చెప్పేస్తుందన్న కడుపుమంట.

అత్త స్టిక్కరు చదివింది. "సరి, రాసి పెట్టినాక ఇంకేముండాది" అని, కుర్చీ తెచ్చుకుని తొట్టి ఎదురుగా కూచుంది. ఆ వేళకు చేపలు రెండూ అలవాటుగా గాజు దగ్గరకు వచ్చి ఎదురుచూశాయి. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయింది. నేను అది చూసి కూడా ఫోనులో మేత వేళలు సరిచేసుకున్నాను.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు మా ఊళ్ళో స్పానరు మొదలు లారీ దాకా కడిగి, తుడిచి, గంధం కుంకుమ పెట్టని ఇనుప ముక్క ఉండదు. చేతి పనిముట్లను పళ్ళెంలో అమర్చి అమ్మవారి ముందు పెడితే, మర్నాడు పొద్దున పూజ అయ్యేదాకా ఎవరూ ముట్టరు. చిన్నప్పటి నుంచీ చేస్తున్న పని కనుక నా చేతులకు బుర్ర అవసరం లేదు. టెస్టరు, స్క్రూడ్రైవర్లు, మల్టీమీటరు, ప్రెషరు గేజీలు అన్నీ తుడిచి బొట్లు పెడుతున్నాను. మనసంతా వర్క్‌షాపులో ఉంది. కొట్టాల్సిన బూడిద గుమ్మడికాయ వచ్చిందా, పనివాళ్ళకు పంచే బొరుగులు పొట్లాలు కట్టారా అని. ఆ ధ్యాసలోనే నా చేయి తొట్టిలోకి పోయి వేడి కొలిచే కడ్డీని పైకి లాగింది, శుభ్రంగా తుడిచింది, గంధం పెట్టింది, కుంకుమ పెట్టింది, పళ్ళెంలో దీపం పక్కన పడుకోబెట్టింది. వైరు అందింది. ఎందుకైనా మంచిదని పొడుగ్గా పెట్టింది నేనే కదా.

వర్క్‌షాపులో పూజ ముగించుకుని, ఉడుమలైపేటలో మా అన్న కొబ్బరిపీచు మిల్లుకు కారులో వెళ్ళాను. పదకొండింటికి ఫోను గగ్గోలు పెట్టింది. తొట్టిలో వేడి ముప్ఫై దాటిందట, చిల్లర్ పూర్తి వేగంతో నడుస్తోందట. భయపడాల్సింది పోయి మురిసిపోయాను. వచ్చిన చుట్టాలందరికీ ఫోను చూపించి, నేనిక్కడ ఉన్నా నా పెట్టె అక్కడ ఎలా కాపాడుతోందో చెప్పాను. "ఆడ మీనుకు జ్వరం వస్తే ఈడనుండే మాత్ర మింగిస్తుందప్పా మా చెల్లెలు" అన్నాడు మా అన్న. అది పొగడ్తే అనుకున్నాను.

పన్నెండింటికి అత్త ఫోను చేసింది.

"ఏమ్మా, తొట్టి నీళ్ళు జిల్లుని ఉండాది. మీన్లు రెండూ మూలకు పోయి నిలిచిండాయి."

"చేయి పెట్టినారా అత్తా?"

"పెడితిని. బోర్డు ఉండేది తెలుసు."

"వేడి ముప్ఫై ఒకటి అత్తా, ఇక్కడ నాకు కనబడతా ఉంది. మిషను అబద్ధం చెప్పదు. మీకే ఒంట్లో వేడి ఉందేమో చూసుకోండి" అన్నాను. డెబ్భై ఏళ్ళ మనిషికి ఆ జవాబు ఇచ్చి, మళ్ళీ అరిటాకు ముందు కూచుని పాయసం తాగాను.

రెండింటికి మళ్ళీ చేసింది. చేపలు ఇసుక మీద పక్కకు ఒరిగిపోయాయట. ఆకుపచ్చ పగడం, బొటనవేలంత ముక్కగా తెచ్చి ఆరేళ్ళకు రెండు చేతుల వెడల్పు చేసుకున్నది, ముడుచుకుపోయి ఉత్త రాయిలా ఉందట. "ఆ చల్ల మెషిన్ ప్లగ్గు పీకేద్దునా?" అంది.

"వద్దు! ఈరోజు మిషన్లను ముట్టకూడదు అత్తా, పూజలో ఉన్నాయి" అన్నాను. శాస్త్రం నాకు ఎప్పుడూ అవసరానికే గుర్తొస్తుంది.

మూడింటికి ఫోను మరో కేక పెట్టింది, చిల్లర్‌కు కరెంటు లేదని. పీకేసింది! ఒళ్ళు మండిపోయింది. కారెక్కి, ఇంటికి పోయాక అనాల్సిన మాటలన్నీ దారి పొడుగునా వరసగా పేర్చుకున్నాను. మంచి మాటలు కుదిరాయి. ఒక్కటీ వాడుకునే యోగం లేకపోయింది.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. అత్త స్టూలు వేసుకుని, చేయి మోచేతి దాకా తొట్టిలో పెట్టి కూచుంది. సరిగ్గా ఆమె మోచేతి పైన నా స్టిక్కరు. పక్కన అలమారలో అమ్మవారి దీపం నిండుగా వెలుగుతోంది, అది కొండెక్కకుండా అత్త పొద్దుట్నుంచీ నూనె పోస్తూనే ఉంది. ఆ దీపానికి జానెడు దూరంలో, గంధం కుంకుమలతో, పెళ్ళికూతురిలా నా కడ్డీ.

ఫోను చూశాను. ముప్ఫై ఒకటిన్నర. సొరుగులోంచి మామూలు గాజు థర్మామీటరు తీసి నీళ్ళలో ముంచాను. ఇరవైయారు ఉండాల్సింది. ఇరవై. నేను అంత తెలివిగా చేసిన పెట్టె అమ్మవారి దీపాన్ని చల్లార్చడానికి పొద్దుట్నుంచీ మూడింటిదాకా నా తొట్టిని గడ్డకట్టించింది. ఆపడానికి చిల్లర్‌కు సొంత బుర్ర కూడా మిగల్చలేదు.

తొట్టి వెనకున్న హీటరును పూర్తిగా పెంచుదామని పరిగెత్తాను. అత్త తడిచేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"తొందరపడొద్దు. ఏలక్కాయకు ఒకేసారి వేడి ఎక్కిస్తే కాయ పగిలిపోతాది. మెల్లగా ఎక్కాల."

ఆమె చేయి పెట్టి చెప్పినప్పుడల్లా హీటరు కాసేపు వేశాను, చెప్పినప్పుడల్లా తీశాను. కాసేపటికి, "కడ్డీ తీసి అక్కడ పెట్టింది నేనే అత్తా" అన్నాను.

"తెలుసు. ప్లగ్గు పీకినాక పళ్ళెం చూస్తిని."

"మరి తీసి నీళ్ళలో వేయలేదేం?"

"పూజలో ఉండేది రేపుదాకా ముట్టగూడదని నువ్వే అంటివే" అంది, నావైపు చూడకుండా.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె ప్లగ్గు పీకకపోయి ఉంటే, ఆ సాయంత్రం నేను వచ్చేసరికి బతికున్న చేప ఒక్కటీ ఉండేది కాదు.

పొద్దున చూస్తే చేపలు రెండూ పైకి వచ్చాయి. ఆకుపచ్చ పగడం ఒక సగం విచ్చుకుంది. రెండో సగం తెల్లబడిపోయింది, ఇక అది తిరిగి రాలేదు. హారతి ఇచ్చి, పళ్ళెంలోంచి పనిముట్లు తీసుకున్నాం. కడ్డీకున్న గంధం కడిగి నీళ్ళలో వేశాను. స్టిక్కరు గోరుతో గీకి పీకాను. అక్షరాలు పోయాయి, జిగురు మాత్రం ఇంకా అలాగే ఉంది.

గిన్నెలో కొంచెం గంధం మిగిలింది. నాకేం తోచిందో, అత్త కుడిచేయి పట్టుకుని అరచేతిలో గంధం పెట్టి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టాను. ఆమె అరచేయిని చూసుకుంది, నన్ను చూసింది.

"ఇప్పుడు దీన్ని కూడా పళ్ళెంలో పెట్టి రేపుదాకా ముట్టగూడదంటావా?"

చేయి కడుక్కుని వచ్చి తొట్టిలో పెట్టింది. చేపలు రెండూ వచ్చి అరచేతిలో ఆనుకున్నాయి. "ఇంకా కొంజం జిల్లునే ఉండాది" అంది. నా పెట్టె అంతా సరిగ్గా ఉందని చెబుతోంది. నేను పెట్టెలో అంకె మార్చాను.