బాపు మోకాలు, నా నౌకరి

తెలంగాణ రాకముందు సంగతి. గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుడైన మా బాపుకు మోకాలు ఒకవైపే అరిగిందని, ఆ సగం మారిస్తే చిన్న కోతతోనే అయిపోతుందని, త్వరగా నడుస్తాడని డాక్టరు చెప్పాడు.

నేనే ఆపాను. "కాలు బాగైతే ఎట్ల బాపూ? గని పనికి పనికిరావని కంపెనీ నిన్ను అన్‌ఫిట్ చేస్తేనే గద నీ నౌకరి నాకొచ్చేది!"

రెండేళ్లు కుంటుతూనే డ్యూటీ చేసి అన్‌ఫిట్ అయ్యాడు. ఉద్యోగం నాకొచ్చాక దవాఖానకు తీసుకెళ్లాను. "ఇప్పుడు మోకాలు మొత్తం మార్చాలి. కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఇన్నాళ్లు ఎందుకు ఆగారు?" అని డాక్టరు నన్ను కోప్పడ్డాడు.

"పిలగాడు రమ్మనే అన్నడు సారూ, నేనే భయపడి రాలె" అన్నాడు బాపు.

ఇప్పటికీ నేను షిఫ్టుకు బయల్దేరితే, చేతికర్రతో గుమ్మంలో నిలబడి "పైలం బిడ్డా" అంటాడు. వెనక్కి తిరిగి చూడాలంటే నాకు ధైర్యం చాలదు.