వడిసెల తిప్పినట్టు తిప్పాను

నేను పెళ్లయి తాండూరుకు వచ్చిన ఏడాది సంగతి ఇది. మా మామయ్య ముప్పై ఏళ్లు నాపరాళ్ల పాలిష్ మిషన్ మీద పనిచేసి, ఆయాసం ముదిరి ఇంటిపట్టునే ఉంటున్నాడు. రోజూ మందును పొగలా చేసి పీల్పించే నెబ్యులైజర్ పెట్టాలి.

ఒక మధ్యాహ్నం దాని ట్యూబు మురికిగా కనిపిస్తే సబ్బునీళ్లతో కడిగాను. కాసేపటికే మామయ్యకు ఊపిరాడలేదు. మిషన్ వేస్తే మోత తప్ప మాస్కులో పొగ రాలేదు. చుట్టుపక్కల పాలిష్ మిషన్ల నుంచి కిటికీలోంచి వచ్చి ట్యూబులో చేరిన రాళ్ల దుమ్ము, నేను పోసిన నీళ్లతో కలిసి ముద్దయి ఇరుక్కుంది. ఊదాను, దులిపాను. కదల్లేదు.

"దవాఖానకు తీస్కపోదాం పా" అని అత్తమ్మ ఏడుపు.

"నువ్వు ఆటోను పిలువు అత్తమ్మా. గీ ముద్ద ఎల్లేదాంక నేను ఇడువ" అన్నాను.

బషీరాబాద్‌లో మా జొన్నచేలో వడిసెలలో రాయి పెట్టి తిప్పి విసిరి పిట్టల్ని తోలిన చేతులు నావి. ట్యూబు ఒక కొస పట్టుకుని అలాగే గిరగిరా తిప్పాను. నాలుగో తిప్పుకు బూడిదరంగు ముద్ద ఎగిరి, అత్తమ్మ తల మీదుగా పోయి గోడకు ఫట్‌మని తగిలింది.

ట్యూబు మళ్లీ తగిలించి మిషన్ వేయగానే మాస్కులో పొగ నిండింది. ఆటో వచ్చేసరికి మామయ్య లేచి కూర్చుని గోడమీది మరకనే చూస్తున్నాడు.

"నా ఛాతిల ఉన్న దుమ్మును గూడ గట్లనే ఇసిరెయ్యరాదు, బిడ్డా!" అన్నాడు.

అది నా వల్ల కాదు. ట్యూబు మాత్రం నా చేతిలో పని. ఆ రోజు నుంచి దాన్ని కడిగిన ప్రతిసారీ వాకిట్లో నిలబడి ఆరేదాకా తిప్పుతున్నాను, చూసి ఎవరు నవ్వినా సరే.