యూమి చేసిన వాన

కాకినాడ నుంచి ఫిల్మ్‌నగర్‌లోని అల్లుడి ఇంటికి వెళ్లినప్పుడు, అతని సినిమా గ్రాఫిక్స్ ఆఫీసులో పనిచేసే జపాన్ అమ్మాయి యూమితో ఒక ఉదయం ఆ ఆఫీసు చూడటానికి ఆటో ఎక్కాను. సిగ్నల్ దగ్గర డ్రైవరు ఫోన్ చూపించాడు. "మొన్న రిలీజైన సినిమా సార్, ఫుల్ ఉంది. పంపాల్నా?"

తెరమీద వాన కురుస్తోంది. యూమి ముఖం పాలిపోయింది. "ఆ వాన నేను చేశాను. ఏడు నెలలు," అంది వచ్చీరాని తెలుగులో. "మా దేశంలో ఇలా దొంగకాపీ ఫోన్‌లోకి దింపుకుంటే జైలు."

"ఏంది సార్, మేడమ్ పోలీసా?" అని డ్రైవరు నవ్వాడు.

యూమి నావైపు తిరిగింది. "మీరు ఇలా చూడలేదు కదండీ?"

స్నేహితుడు పంపితే, ముందురోజే అదే సినిమా నా ఫోన్‌లో చూశాను. అల్లుడికి తెలిస్తే ఆ ఇంట్లో ముఖం ఎలా చూపించాలి?

"లేదమ్మా," అన్నాను.

ఆమె వెంటనే తల వంచింది. "క్షమించండి. పెద్దవారిని అలా అడగకూడదు."

ఆఫీసు వచ్చేదాకా ఫోన్ ఉన్న జేబు మీద నుంచి నేను చెయ్యి తియ్యలేదు.