చిత్తంగారు చూసిన సంగతి

మాట పైనుంచి రావాలే గానీ, అది ఎంత తలతిక్క మాటైనా చిత్తంగారికి శిరోధార్యమే. రెడీమేడ్ చొక్కాలు కుట్టే షెడ్డుకి ఆయన సూపర్‌వైజరు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకైనా గుర్తుందో లేదో! మేడమీద ఆఫీసు నుంచి ఫోను మోగితే లేచి నిలబడి, కాలర్ గుండీ పెట్టుకుని, అప్పుడు రిసీవరు ఎత్తేవాడు. "చిత్తం... చిత్తం... చిత్తం." ఓసారి అవతలివాడెవరో "సారీ, రాంగ్ నంబర్" అంటే దానికీ "చిత్తం" అన్నాడు.

ఇటు తిరిగాడంటే మాత్రం మనిషే వేరు. "ఎవరా నవ్వింది? ఆ కత్తెర చప్పుడేంటి? తలెత్తకండి!" అని కుట్టేవాళ్ల మీద విరుచుకుపడేవాడు. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: "పైనుంచి ఆర్డర్!" ఓ వానకి మేడమీది తూము పగిలి నీళ్లు నెత్తిన పడుతుంటే మిషన్లు జరపనిస్తేగా! "పైనుంచి వచ్చింది. కాదనడానికి మనమెవరం?" అన్నాడు మహానుభావుడు, తడిసి ముద్దవుతూ.

ఆయన భార్యకి ఈ కిటుకు పెళ్లయిన కొత్తలోనే దొరికింది. పని చేయించాలంటే వంటింట్లో స్టూలెక్కేది. "పైనుంచి చెప్తున్నా, కుళాయి బాగుచెయ్యండి." "చిత్తం." ఈ రహస్యం ఆవిడే ఓసారి షెడ్డుకొచ్చి గుండీల పిన్ని చెవిన వేసిపోయింది. ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు.

గుండీల పిన్ని అంటే చొక్కాలకి గుండీలు కుట్టే పెద్దావిడ. ఇంట్లో మొగుడు మంచాన పడ్డాడు. ఇద్దరికీ ఈ పనే ఆధారం. ఈమధ్య పాపం కళ్లు మసకబారాయి. ఎవరికైనా చెబితే పని ఊడుతుందని భయం. పక్కమిషను అమ్మాయిచేత సూదిలో దారం ఎక్కించుకుంటూ ఎలాగో నెట్టుకొస్తోంది. చివరికి కొంప మునగనే మునిగింది. నల్లచొక్కాలన్నిటికీ నీలం దారంతో గుండీలు కుట్టి కూర్చుంది. దుకాణంవాళ్లు సరుకంతా తిప్పి పంపారు.

ఫోను మోగింది. చిత్తంగారు లేచాడు, కాలర్ గుండీ పెట్టుకున్నాడు. యజమాని అరుపు రిసీవరు దాటి షెడ్డంతా వినిపించింది.

"ఆ గుండీలావిడ సంగతి చూడండి! ఇవాళే!"

"చిత్తం."

పిన్ని సూది కింద పెట్టేసింది. సంగతి చూడటమంటే ఏమిటో చంటిపిల్లలకి కూడా తెలుసు. మొగుడి మందులెలా, పొయ్యి వెలిగేదెలా అని ఆలోచించేలోపే చిత్తంగారు వచ్చి నెత్తిన నిలబడ్డాడు.

"పిన్నీ, లే! నా వెంట నడు!"

"బాబూ, ఈ ఒక్కసారికీ..."

"నోరెత్తకు! పైనుంచి ఆర్డర్!"

గేటు దాటించాడు. రోడ్డు దాటించాడు. దారిపొడుగునా పిన్ని మనసులో తిట్టని తిట్టు లేదు. 'నీ చిత్తం చితికిపోనూ! నీ కాలర్ గుండీ తెగిపోనూ!' ఆఖరి తిట్టు పూర్తయ్యేసరికి కళ్లజోళ్ల దుకాణంలో ఉంది.

"ఈవిడ కళ్లు చూడండి. ఊఁ, త్వరగా! పైనుంచి ఆర్డర్!" అని అక్కడా కేకలేశాడు చిత్తంగారు.

మర్నాడు యజమాని దిగొచ్చేసరికి పిన్ని బల్ల కిటికీ పక్క వెలుతురులో ఉంది. పిన్ని ముక్కుమీద కొత్త జోడు ఉంది. కూర్చున్నది సాక్షాత్తూ సూపర్‌వైజరు కుర్చీలో.

"ఏమయ్యా, ఈవిడ సంగతి చూడమన్నానా లేదా?"

"చూశాను సార్. కళ్లు చూపించాను. వెలుతురు చూశాను, కుర్చీ చూశాను. ఇంకేమైనా చూడాలంటే సెలవియ్యండి."

"నా ఉద్దేశం అది కాదయ్యా!"

"ఉద్దేశాలు మేడమీదే ఉండిపోతాయి సార్. మాట ఒక్కటే కదా కిందికొచ్చేది." చిత్తంగారు కాలర్ గుండీ ఓసారి తడిమి చూసుకున్నాడు. "ఇంకోలా చెయ్యమంటే ఆవిడ మొహమ్మీదే సెలవియ్యండి. వింటాం."

మిషన్లన్నీ ఆగిపోయాయి. యజమాని పిన్ని వైపు తిరిగాడు. అద్దాల వెనక రెండు కళ్లు ఇంతింతై ఆయన్నే చూస్తున్నాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు... బాగా కనిపిస్తోందా అమ్మా?"

"భేషుగ్గా, బాబూ! మీ చొక్కాకి మూడో గుండీ వదులైంది. ఇలా రండి, బిగిస్తాను."

గుండీ బిగించుకుని ఆయన మేడెక్కాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

సాయంత్రం అందరూ వెళ్లాక పిన్ని దారాల బీరువా దగ్గరున్న స్టూలెక్కింది.

"ఒరేయ్ చిత్తం! పైనుంచి అడుగుతున్నా, నిజం చెప్పు. ఆయన మాట నీకు నిజంగా అర్థం కాలేదా?"

చిత్తంగారు ఉలిక్కిపడి లేచాడు. చెయ్యి దానంతటదే కాలర్ గుండీ మీదికి పోయింది.

"చిత్తం. అర్థమైంది."

"మరి?"

"మరీ లేదు, గిరీ లేదు. ముందు దిగు పిన్నీ! పడి కాలు విరిగిందంటే ఆ సంగతీ నేనే చూడాలి!"